కన్యక రాసిన చీటీ

కన్యక పక్క కుర్చీలో నేను ఆరేళ్ళు పనిచేశాను. మా ఊరి పేరు రాయను. ఈ కథలోని మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. కొవ్వూరికి దిగువన, గోదావరి గట్టు మీద, రోజుకు రెండు లాంచీలు ఆగే ఊరని మాత్రం చెప్తాను. డెబ్భై అయిదు నాటికి ఊరు మొత్తానికి నూట పన్నెండు ఫోన్లుండేవి. ఎవరింట్లో హ్యాండిల్ తిప్పినా మా బోర్డు మీద ఆ నంబరు దగ్గర చిన్న రేకు తలుపు టక్కున కిందికి పడేది. తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేవాళ్ళం. చాలామంది నంబరు చెప్పేవారు కాదు. "అమ్మాయ్ కన్యకా, డాక్టరు గారెక్కడున్నారో చూడమ్మా" అనేవారు. డాక్టరు గారు ఏ వేళప్పుడు ఎవరింట్లో ఉంటారో ఆమెకు తెలిసేది.

కన్యకది పెనుగొండ. తండ్రి బెల్లం వర్తకుడు. అమ్మవారి పేరే కూతురికి పెట్టుకున్నాడు. పెళ్ళయిన రెండో ఏడు భర్త పచ్చకామెర్లతో పోయాడు. పుట్టింట్లో ఓ మూల కూర్చోవడం ఇష్టంలేక, తంతి తపాలా శాఖ పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకుంది. తమ్ముడు చిన్నబ్బాయిని తన దగ్గరే పెట్టుకుంది. అతనికి రాజమండ్రిలో గుమాస్తా పని. రోజూ బస్సులో కొవ్వూరు వెళ్ళి, అక్కడ రైలెక్కి వంతెన దాటేవాడు.

ఉద్యోగంలో చేరినప్పుడు మేమంతా ఒక కాగితం మీద సంతకం పెట్టాం. బోర్డు దగ్గర చెవిన పడ్డ మాట బయట చెప్పబోమని. నాకది వంద కాగితాల్లో ఒకటి. కన్యకకు అలా కాదు. ఓసారి ఒక ఇంట్లో కుదిరిన సంబంధం తప్పిపోయిన సంగతి ఆమెకు ముందు ఫోనులోనే తెలిసింది. ఇంటాయనకు తెలిసింది గాని ఆయన భార్యకు ఇంకా తెలియదు. మర్నాడు ఆవిడ కన్యకనే వెంటబెట్టుకుని పెళ్ళిబట్టలు కొనడానికి వెళ్ళింది. కన్యక చీరల రంగులు ఎంచి ఇచ్చి వచ్చిందే తప్ప నోరు విప్పలేదు. ఆ సాయంత్రం బోర్డు దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఎమర్జెన్సీ పెట్టిన రెండో నెలలో, ఒక మధ్యాహ్నం, మా సూపర్వైజరు కుక్కుటేశ్వరరావు గారు మా ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. అక్కడ మఫ్టీలో ఒక ఇనస్పెక్టరు కూర్చుని ఉన్నాడు. మనిషి మర్యాదస్తుడే. మమ్మల్ని కూర్చోమన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద ఆరు ఫోను నంబర్లున్నాయి.

"వీళ్ళకి వచ్చే కాలు, వీళ్ళు చేసే కాలు, మాట పొల్లుపోకుండా రాసిపెట్టాలమ్మా. రోజూ సాయంత్రం మా మనిషి వచ్చి చీటీలు పట్టుకెళ్తాడు."

కన్యకే ముందు మాట్లాడింది. "విన్నది బయటపెట్టబోమని సంతకం పెట్టామండి."

"ఎవరికి పెట్టారు? గవర్నమెంటుకే కదా. ఇప్పుడు అడుగుతున్నదీ గవర్నమెంటే."

"ఆర్డరు రాసి ఇస్తారాండి?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మీ తమ్ముడు రోజూ రైల్లో గోదారి దాటతాడట కదా. ఆ వంతెనకి మందుగుండు పెట్టాలని చూస్తున్నవాళ్ళు ఈ జిల్లాల్లోనే తిరుగుతున్నారమ్మా. వాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉన్నారు. రైలు నీళ్ళలో పడ్డాక ఆర్డరు చూపించమంటే ఎవర్ని అడుగుతావు?"

కుక్కుటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, "రాయండమ్మా. పెద్దవాళ్ళు చెప్తున్నారు కదా. మనకెందుకు?" అన్నారు.

భయపడి రాసిందని తర్వాత చాలామంది అన్నారు. భయం ఉన్నమాట నిజమే. చిన్నబ్బాయి ఇల్లు చేరేదాకా ఆ రోజుల్లో వీధి అరుగు మీదే నిలబడేది. కాని అది ఒక్కటే కాదు. రైల్లో తమ్ముడొక్కడే ఉండడుగా అంది నాతో. దేశానికి తన వంతుగా ఒక పని చేస్తున్నాననే నమ్మింది. నేను ఏమీ నమ్మలేదు. చెప్పారు కాబట్టి రాశాను.

ఆ ఆరింటిలో ఒకటి ముప్పై ఏడు. అది గోపాలకృష్ణమూర్తి గారిది. ఆయనకు ఆరెకరాల భూమి, ఊళ్ళో ఎరువుల దుకాణం. రాజకీయాలు లేవు. ఏడాది క్రితం శివారు పొలాలకు కాలవ నీళ్ళు రావడం లేదని రైతులు సభ పెట్టుకుంటే, పెద్దమనిషి కదా అని ఆయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. ఆ సభలో ఇంజనీరు గారిని రెండు మాటలు గట్టిగా అన్నాడు. ఆయన పేరు ఆ జాబితాలోకి అలా ఎక్కిందని మేం చాలా తర్వాత తెలుసుకున్నాం.

సెప్టెంబరు నెలాఖరులో, ఒక మంగళవారం, ముప్పై ఏడుకి పై ఊరి నుంచి ట్రంకు కాలు వచ్చింది. కన్యక కలిపి, మాటలు మనకు వినిపించకుండా చేసే కీ వెయ్యకుండా వింటూ కూర్చుంది. నేనూ పక్కనుంచి చెవి పెట్టాను.

"ఆయ్, నేనేనండి, ఆశీర్వాదాన్ని. పెద్దాయన్ని శుక్రవారం మధ్యాహ్నం లాంచీలో తీసుకొస్తానండి. జనం అంతా దిగిపోయాక ఆఖర్ని దింపుతాను."

"గొడౌను వెనక గది శుభ్రం చేయించాను. దుప్పటి కప్పుకుని రమ్మనండి. ఎవరి కంటా పడకూడదు. ఊళ్ళో తెలిసిందంటే మా బతుకులు బజార్న పడతాయి."

"నాకు తెలుసు కదండీ. ఆయనా అదే చెప్పారు. ఎన్నాళ్ళు ఉంచుకుంటారండి?"

"ఇంకెక్కడికి పంపుతానయ్యా, నా దగ్గరే ఉంటాడు."

అంతే. కన్యక పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఎవరో చుట్టం అయ్యుంటాడు. వదిలెయ్," అన్నాను.

"చుట్టమైతే దాచడం ఎందుకు రత్నం?"

"మనకేం తెలుసు?"

"అదే. మనకేం తెలుసు? నేను వదిలేసి, శనివారం వంతెన దగ్గర ఏదైనా జరిగితే?"

రాసింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసెయ్యలేదు. గుండ్రటి అక్షరాలతో, కింద టైము వేసి, సాయంత్రం వచ్చిన మనిషికి ఇచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం రేవులో పోలీసులు మఫ్టీలో కాచుకుని ఉన్నారు. జనం దిగాక, దుప్పటి కప్పుకున్న ఒక మనిషిని పట్టుకుని ఆశీర్వాదం, లాంచీ నుంచి ఒడ్డుకి వేసిన బల్ల మీదుగా దింపుతున్నాడు. గోపాలకృష్ణమూర్తి గారు ఎదురెళ్ళి చెయ్యి అందించాడు. నలుగురు పోలీసులు ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకడు దుప్పటి లాగేశాడు.

వేళ్ళు లేని చేతులు, కూలిపోయిన ముక్కు. ఆయన పెద్దిరాజు, గోపాలకృష్ణమూర్తి గారి సొంత అన్న. పద్నాలుగేళ్ళ కిందట కాశీ వెళ్ళిపోయాడని ఊరంతటికీ చెప్పుకున్న అన్న. కుష్ఠు ఆస్పత్రిలో ఉన్నాడు. జబ్బు పూర్తిగా నయమైంది, ఇక ఎవరికీ అంటదని కాగితం రాసిచ్చి ఇంటికి పంపుతున్నారు. ఆశీర్వాదం ఆ ఆస్పత్రిలో కాంపౌండరు. ఆ కాగితం జేబులోంచి తీసి అందరికీ చూపిస్తూ, "నయమైందండి, ముట్టుకోవచ్చండి," అని అరుస్తున్నాడు. దుప్పటి లాగిన పోలీసు అప్పటికే పరిగెత్తి నీళ్ళలో చేతులు కడుక్కుంటున్నాడు. రేవులో జనం వెనక్కి వెనక్కి జరిగిపోయారు.

తప్పు తెలిసింది కదా, వదిలేస్తారనుకున్నాం. ఆశీర్వాదాన్ని సాయంత్రానికి పంపేశారు. గోపాలకృష్ణమూర్తి గారిని మాత్రం రెండు ప్రశ్నలడిగి పంపిస్తామని జీపెక్కించుకుని వెళ్ళారు. వారం తర్వాత తెలిసింది, మీసా చట్టం కింద జైల్లో పెట్టారని. ఎందుకో చెప్పక్కర్లేదట. ఎన్నాళ్ళో చెప్పక్కర్లేదట.

ఆయన భార్య మాణిక్యాంబ గారు అప్పటిదాకా ఫోను ముట్టుకుని ఎరగదు. ఇక రోజూ పొద్దున్న పదింటికల్లా హ్యాండిల్ తిప్పేది. "అమ్మా కన్యకా, రాజమండ్రిలో ప్లీడరు దొరబాబు గారికి కలుపు తల్లీ." "అమ్మా, ఏలూరులో మా మేనమామ గారబ్బాయి కలెక్టరాఫీసులో ఉన్నాడు, వాడికి కలుపు." ఒక్కోసారి అవతల ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తినవాళ్ళు ఆవిడ పేరు వినగానే పెట్టేసేవారు. అప్పుడావిడ కన్యకతోనే మాట్లాడేది. "దుకాణానికి ఎవరూ రావట్లేదమ్మా. పనిమనిషి మానేసింది. మా బావగారు ఆ గదిలోంచి బయటికి రారు. తలుపు దగ్గర కంచం పెడితే, నీ మొగుణ్ణి నేను మింగేశాను, నాకు అన్నమెందుకు అంటారు. నీ గొంతు వింటే కాస్త ప్రాణం కుదుటపడుతుందే. ఈ ఊళ్ళో నాతో మాట్లాడేదానివి నువ్వొక్కదానివే."

ముప్పై ఏడు ఇంకా జాబితాలోనే ఉంది. ఈ మాటలు కూడా కన్యక రాయాలి. రాసేది. అక్టోబరు నుంచి ఆమె అక్షరాలు గుండ్రంగా ఉండడం మానేశాయి.

ఒకరోజు సెలవు పెట్టి ఇనస్పెక్టరు దగ్గరికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది. వెళ్ళాను గాని వరండాలోనే ఉండిపోయాను. తలుపు తీసే ఉంది, అన్నీ వినిపించాయి.

"ఆ చీటీలో ఉన్న పెద్దాయన జబ్బు మనిషండి. నేను తప్పుగా అనుకున్నాను. ఆయన్ని వదిలెయ్యండి."

"నువ్వేమీ అనుకోలేదమ్మా, విన్నది రాశావు. తప్పేముంది?"

"మరి ఆయనెందుకండీ జైల్లో?"

"దాక్కున్న పెద్ద నాయకుడు దొరుకుతున్నాడని పైకి రాశాం. రాష్ట్రం దాకా వెళ్ళింది. ఇప్పుడు కుష్ఠు రోగి దొరికాడని ఎవరు రాస్తారు? నేను రాయను. నాకూ పిల్లలున్నారు. సంతకాలయిపోయాయి. నువ్వింటికెళ్ళు. ఇంకోసారి రాకు. వచ్చావంటే నీ పేరు కూడా రాయాల్సొస్తుంది."

ఇంటికి వచ్చాక గుమ్మం దగ్గర ఆగి, "వాళ్ళకి అప్పుడే తెలుసు రత్నం. రేవులోనే తెలుసు," అంది.

డిసెంబరులో పెద్దిరాజు గారు ఎవరికీ చెప్పకుండా, దుప్పటి కూడా కప్పుకోకుండా, పట్టపగలు బజారు మధ్యలోంచి నడిచి రేవుకి వెళ్ళి లాంచీ ఎక్కాడు. ఎవరూ ఆపలేదు. పక్కన కూర్చోవడానికి భయపడి సగం లాంచీ ఖాళీ చేశారట. తిరిగి ఆస్పత్రికే చేరాడు. జనవరిలో ట్రంకు కాలు వచ్చింది. కన్యకే కలిపింది.

"అమ్మగారూ, ఆశీర్వాదాన్నండి. పెద్దాయన పోయారండి. పదిహేను రోజులై తిండి ముట్టుకోలేదు. ఎంత బతిమాలినా వినలేదండి."

అవతల మాణిక్యాంబ గారు ఏడవలేదు. "ఆయనకి ఎలా చెప్పను? జైలుకి ఉత్తరం రాస్తే ఇస్తారంటావా?" అని అడిగింది. ఆశీర్వాదం ఏం చెప్పాడో నేను వినలేదు. కన్యక చెవి మీది ఫోను తీసి బల్ల మీద పెట్టి లేచింది. డ్యూటీ మధ్యలో ఆమె కుర్చీ వదిలి వెళ్ళడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. చీటీ మీద ఏమీ రాయలేదు.

తిన్నగా మాణిక్యాంబ గారింటికి వెళ్ళింది. అక్కడ జరిగింది కన్యకే నాకు చెప్పింది. వీధి గదిలో నిలబడే మొత్తం చెప్పేసిందట. ఆరు నంబర్లు, చీటీలు, మంగళవారం నాటి కాలు, ఆ తర్వాత ఆవిడతో మాట్లాడిన ప్రతి మాటా రాసిచ్చిన సంగతి.

మాణిక్యాంబ గారు కుర్చీలో కూర్చుండిపోయింది. "నేను నీతో చెప్పుకున్నవన్నీనా? మా బావగారి మాటలు కూడానా?"

"అన్నీనండి."

"నిన్ను తిట్టడానికి కూడా ఓపిక లేదే నాకు," అందట ఆవిడ. తర్వాత, "ఈ మాట ప్లీడరు గారి ముందు చెప్తావా?" అంది.

"చెప్తాను."

దొరబాబు గారు పెద్ద ప్లీడరేమీ కాదు. కాని మీసా కేసంటే మిగతావాళ్ళు గుమ్మంలోకి రానివ్వని రోజుల్లో కాగితాలు తీసుకున్నాడు. కన్యక ప్రమాణపత్రం ఇస్తే హైకోర్టులో వేద్దామన్నాడు. "ఉద్యోగం పోతుందమ్మా. నిన్నూ లోపల వెయ్యొచ్చు. నేను గెలుస్తానని కూడా చెప్పలేను," అన్నాడట. ఇంకో ఆపరేటరు కూడా సంతకం పెడితే బలంగా ఉంటుందన్నాడు.

కన్యక నన్ను అడిగింది. బోర్డు దగ్గరే, రెండు కాల్స్ మధ్య, తల తిప్పకుండా అడిగింది.

"మా ఆయనది టీచరు ఉద్యోగం కన్యకా. ఇద్దరు పిల్లలు," అన్నాను.

"సరే," అంది. మళ్ళీ అడగలేదు.

ప్రమాణపత్రం హైదరాబాదు పంపడానికి రెండు రోజుల ముందు కన్యక సస్పెన్షను ఆర్డరు వచ్చింది. కుక్కుటేశ్వరరావు గారు దాన్ని ఆమె చేతికిచ్చి, తలెత్తకుండా రిజిస్టరులో సంతకం చూపించారు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ప్రమాణపత్రం వెళ్ళింది. పిటిషను కోర్టులో పడి ఉండగానే, ఏప్రిల్లో ఢిల్లీ పెద్ద కోర్టు తీర్పు వచ్చింది. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం, నన్నెందుకు పట్టుకున్నారని అడిగే హక్కు ఎవరికీ లేదని. దొరబాబు గారు ఆ సంగతి చెప్పడానికి తనే బస్సెక్కి వచ్చాడు. మాణిక్యాంబ గారు ఆయనకి మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఉండి, "ఇంక మనం ఎవరి దగ్గరికి వెళ్ళాలండీ?" అని అడిగింది. కన్యక అక్కడే గోడకానుకుని నిలబడి ఉంది.

ఆ ఏడాదంతా ఆమె ఎలా బతికిందో నాకు సరిగ్గా తెలియదు. వీధిలో ఎదురైతే నేనే పక్క సందులోకి తిరిగేదాన్ని. పోలీసులు మూడుసార్లు పిలిచి పొద్దుటినుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపేశారని విన్నాను. చిన్నబ్బాయి పనిచేసే చోట యజమాని అతన్ని మానిపించాడు. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. "నా కోసమే రాసిందట. నన్ను అడిగిందా?" అని అతను నా ముందే అన్నాడు. వంతెన మీద రైళ్ళు మామూలుగానే తిరుగుతున్నాయి.

డెబ్భై ఏడు ఫిబ్రవరిలో గోపాలకృష్ణమూర్తి గారిని వదిలారు. పదహారు నెలల పైమాట. మనిషి ఎముకల గూడు. వచ్చిన వారంలోనే ఫోను తీసెయ్యమని మా ఆఫీసుకి దరఖాస్తు పెట్టాడు. కన్యక ఆయన్ని చూడ్డానికి వెళ్ళింది. మాణిక్యాంబ గారు లోపలికి తీసుకెళ్ళింది.

"మా ఆవిడంతా చెప్పింది," అన్నాడాయన. "నువ్వు చేసినదానికి నీ ఉద్యోగం పోగొట్టుకున్నావట. నువ్వు రాయకపోతే ఇంకొకరు రాసేవారని కూడా అంది. ఆ మాట నాకు చెప్పొద్దమ్మా. మా అన్న పద్నాలుగేళ్ళు ఇంటి కోసం ఎదురుచూశాడు. పదకొండు వారాలు కూడా ఉండలేదు. నిన్ను క్షమించాననేస్తే నీకు తేలిగ్గా ఉంటుందేమో. నాకు రావట్లేదు."

"అందుకోసం రాలేదండి," అంది కన్యక. ఎందుకోసం వెళ్ళిందో నాకు చెప్పలేదు.

కొత్త ప్రభుత్వం వచ్చాక ఎమర్జెన్సీ అన్యాయాల మీద విచారణ జరుగుతోందంటే, పన్నెండు పేజీలు రాసి రిజిస్టరు పోస్టులో పంపింది. అందినట్టు రసీదు వచ్చింది. ఇంకేమీ రాలేదు. డెబ్భై ఎనిమిదిలో శాఖ విచారణ ముగిసి ఆమెను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. బోర్డు రహస్యాలు బయటి వ్యక్తులకు వెల్లడించినందుకు మందలిస్తున్నామని ఆర్డరులో ఉంది. ఆ కాగితం తెచ్చిన అధికారిని కన్యక అడిగింది. "విన్నందుకు ఏమీ లేదాండి? రాసి పోలీసులకిచ్చినందుకు?"

ఆయన ఫైలు రెండువైపులా తిప్పి చూశాడు. "ఆ విషయం ఇందులో ఎక్కడా లేదమ్మా," అన్నాడు.

మళ్ళీ నా పక్క కుర్చీలోకే వచ్చింది. ఊరు అప్పటికి మారిపోయింది. ఫోనులో ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. నంబరు చెప్పేవారు, క్షేమమా అంటే క్షేమమే అనుకునేవారు, పెట్టేసేవారు. జాబితా లేదు, చీటీలు పట్టుకెళ్ళే మనిషి రావడం మానేసి ఏడాది దాటింది. అయినా ఎవరూ నమ్మలేదు.

ఆమె వచ్చిన పదో రోజునో పదకొండో రోజునో నేను ఆగలేకపోయాను. ఆమె వెళ్ళాక కూడా ఏడాది పాటు నేను రాస్తూనే ఉన్నానని చెప్పాను.

"తెలుసు," అంది. "ఎవరివి రాశావు?"

"అందరివీ." ఇంకా ఉంది, అదీ చెప్పాను. "ముప్పై ఏడు నుంచి నువ్వు ప్లీడరుతో మాట్లాడినవి కూడా. ప్రమాణపత్రం ఏ రోజున పంపుతారో అది కూడా."

కన్యక నా వైపు తిరిగి చూసింది. కోపం కాదది. నన్నెక్కడో చూసినట్టుందే అని గుర్తుచేసుకుంటున్నట్టు చూసింది. "నీకు ఇద్దరు పిల్లలు కదా," అంది మెల్లగా. మర్నాడు కుక్కుటేశ్వరరావు గారికి అర్జీ ఇచ్చి షిఫ్టు మార్పించుకుంది. తర్వాత మూడేళ్ళు ఒకే ఆఫీసులో పనిచేశాం. ఆమె దిగే వేళకి నేను ఎక్కేదాన్ని. రిజిస్టరు నా చేతికిచ్చి, పెండింగులో ఉన్న కాల్స్ చెప్పి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయేది. ఎనభై ఒకటిలో ఉప్పాడ వైపు ఎక్కడో తపాలా కౌంటరుకి బదిలీ అడిగి వెళ్ళిపోయింది. నాకు ఉత్తరం రాయలేదు. నేను రాసిన రెండూ చించకుండా తిరిగి వచ్చాయి.